తెల్ల మచ్చ మీద బొగ్గు చుక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు...

నాయనమ్మ. పొయ్యి దగ్గర. చేతులకి బూడిద.

అమ్మ. మజ్జిగ గ్లాసు కడిగి, మళ్ళీ కడిగి, ఇంకోసారి కడుగుతూ.

నాన్న. అరుగు మీద, నిలబడి. సొంత ఇంటి అరుగు మీద ఎవరైనా నిలబడి ఉంటారా... నాన్న నిలబడి ఉన్నాడు.

సూర్యకళ మేడం. సముద్రపు తాబేళ్ళ సంగతి చూడడానికి మా ఊరు వచ్చే మేడం. ఆవిడ అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఒళ్ళో మూత పెట్టిన డబ్బా.

గణేష్‌బాబు బాబాయ్. నాన్నతో పాటు ఒడ్డున తాబేలు గుడ్లకి కాపలా కాస్తాడు. మెట్టు మీద కూర్చుని చెప్పులో ఇసుక దులుపుకుంటున్నాడు.

గంప కింద కోడిపెట్ట. పెట్ట చుట్టూ తొమ్మిది పిల్లలు.

ఇంకా నేను. లోపల గదిలో. గోడకి ఆనుకుని.

ఇల్లంతా ఒకటే వాసన. మురిగిన గుడ్డు వాసన. డబ్బాలో నుంచి వస్తోందా, నా చేతుల్లో నుంచి వస్తోందా... తెలియలేదు. సబ్బుతో కడిగాను. శనగపిండితో కడిగాను. వాసన అక్కడే ఉంది.

నన్ను ఎవరూ పిలవలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

అడగాల్సింది నన్నే.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. ఊరు అయిపోయాక సరుగుడు తోట. తోట అయిపోయాక ఇసుక. ఇసుక అయిపోయాక నీళ్ళు. నీళ్ళు ఎక్కడ అయిపోతాయో నాకు తెలియదు.

ఇసుకలో ఒకచోట చుట్టూ ఆకుపచ్చ వల కట్టి ఉంటుంది. మా ఊరివాళ్ళు దాన్ని తాబేళ్ళ మడి అంటారు. నారుమడి లాగే. ఒకచోట పుట్టినవాటిని తెచ్చి ఇంకోచోట పెంచడం.

చలి తగ్గే రోజుల్లో తాబేళ్ళు ఒడ్డుకి వస్తాయి. గొయ్యి తీసి గుడ్లు పెడతాయి. వెళ్ళిపోతాయి. కుక్కలు తవ్వకముందే నాన్న వెళ్ళి ఆ గుడ్లు తెస్తాడు. మడిలో అలాంటి గొయ్యే తీసి పెడతాడు. పైన ఇసుక కప్పి పుల్ల పాతుతాడు. పుల్లకి అట్టముక్క. అట్టముక్క మీద నంబరు.

తొమ్మిదేళ్ళుగా తెస్తున్నాడు. ఊళ్ళో రాముళ్ళు నలుగురు ఉన్నారు. తాబేళ్ళ రాముడు అంటే మాత్రం మా నాన్నే.

ఎలా తెస్తాడంటే... చెప్పులు విప్పేస్తాడు. బకెట్ అడుగున ఇసుక వేస్తాడు. ఏ గుడ్డు ఎలా ఉందో అలాగే ఎత్తుతాడు, అలాగే దించుతాడు. బండి మీద తేడు. నిండు బిందె మోసినట్టు నడిచి వస్తాడు. ఎవరైనా పలకరిస్తే పలకడు.

ఎందుకు నాన్నా అంత మెల్లగా, అంటే—

"మేడం గారు అలా తెమ్మన్నారమ్మా."

అంతే చెప్పాడు. నేనూ అంతే అడిగాను.

ఇంకొక్క మాట అడిగి ఉంటే... ఇంకొక్క మాట చెప్పి ఉంటే...

పద్నాలుగో గొయ్యి గుడ్ల తల్లిని నేను చూశాను.

తెల్లవారిపోయినా ఒడ్డునే ఉంది. ఒంటిని అటూ ఇటూ ఊపుతూ, దిమ్మిస కొట్టినట్టు ఇసుకని అదుముతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెంపల మీద ఇసుక తడిసి అట్టకట్టింది.

ఏడుస్తోంది అనుకున్నాను.

నాన్న దండం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. అది మమ్మల్ని చూడలేదు. గొయ్యినీ చూడలేదు. నీళ్ళ దాకా పాకింది, ఒక అల వచ్చింది, అల వెనక్కి వెళ్ళింది... తాబేలు లేదు.

నూటపన్నెండు గుడ్లు. మెత్తగా, తెల్లగా, చేతిలో నొక్కుకుపోయేలా.

ఆ మర్నాడే నాన్నకి జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు మంచం దిగలేదు. రాత్రి కాపలా గణేష్‌బాబు బాబాయ్‌ది. పొద్దున్న కాపలా, బడి బస్సు వచ్చేదాకా, నాది.

"కుక్కల్ని రానివ్వకు. పీతల్ని రానివ్వకు. అంతే పని," అన్నాడు నాన్న దుప్పట్లో నుంచి.

కుక్కల్ని రానివ్వలేదు. పీతల్ని రానివ్వలేదు.

అంతే చేసి ఉంటే...

అవే రోజుల్లో నాయనమ్మ కోడిని పొదగేస్తోంది. గంపలో ఊక పోసి, ఊక మీద గుడ్లు పేర్చి, ఉరుముల భయం లేకుండా ఒక మేకు పెట్టి. ప్రతి గుడ్డు మీదా పొయ్యిలో బొగ్గుతో ఒక చుక్క పెడుతుంది నాయనమ్మ. కోడి గుడ్డుని తిప్పిందో లేదో ఆ చుక్క చెబుతుంది. నిన్న పైకి ఉన్న చుక్క ఇవాళ కిందికి ఉంటే తిప్పినట్టు. తిప్పకపోతే నాయనమ్మే తిప్పుతుంది.

"తిప్పని గుడ్డు ఒకవైపే ఉడుకుద్దే పిల్లా. పిల్ల అవిటిదవుద్ది. తల్లన్నాక రోజూ తిప్పాలి," అంది.

"మరి తాబేలు గుడ్లని ఎవరు తిప్పుతారు?" అన్నాను.

నాయనమ్మ ఊక సర్దుతోంది. నా వైపు చూడలేదు.

"ఎవరు తిప్పుతారు... దాని తల్లి పోయిందిగా సముద్రంలోకి. పాపం."

పాపం అంది. తిప్పమనలేదు.

తిప్పమనలేదు కదా... తిప్పమన్నట్టేనా? ఇప్పటికీ తెలియదు. ఆ మాటని ఎన్నిసార్లు విన్నానో నా లోపల. ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తుంది.

మర్నాడు పొద్దున్న పద్నాలుగో పుల్ల దగ్గర కూర్చున్నాను. ఇసుక తీశాను. జాన లోతు. ఇంకో జాన. పైవరస గుడ్లు కనిపించాయి.

ప్రతి గుడ్డు మీదా పైవైపు మాత్రం ఒక తెల్ల మచ్చ. సున్నం అద్దినట్టు. కింద వైపు లేదు. పైవైపే.

నాయనమ్మ చెప్పినట్టే ఒకవైపే అవుతోంది.

నాకు ఎంత భయం వేసిందో. ఎంత జాలి వేసిందో. రెండూ ఒకటేనేమో.

ఇంటికి పరిగెత్తి బొగ్గు తెచ్చాను. ప్రతి తెల్ల మచ్చ మీదా ఒక నల్ల చుక్క. చుక్క పెట్టి, మెల్లగా, రెండు చేతులతో, తిప్పాను.

చుక్క కిందికి.

మర్నాడు చుక్క పైకి.

మర్నాడు చుక్క కిందికి.

ఆరు రోజులు. మోచేతి దాకా అందినవన్నీ తిప్పాను. అడుగున ఉన్నవాటి దాకా ఏ రోజూ వెళ్ళలేదు. వెళ్ళేలోపే బడి బస్సు హారన్ వినిపించేది. గబగబా ఇసుక కప్పి, గోళ్ళలో బొగ్గుతో బస్సు ఎక్కేదాన్ని. అడుగున ఉన్నవాటిని తిప్పలేకపోయానే అని దారంతా బాధ. కిటికీలో నుంచి చేపల చెరువులు వెళ్ళిపోయేవి. చెరువుల మీద చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్మేవి. అన్నీ తిరుగుతున్నాయి, అవి మాత్రం తిరగలేదు అనుకునేదాన్ని.

అయినా ఆ ఆరు రోజుల్లో ఉన్నంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు. నోట్లో నాలుక లేని పిల్ల అంటారు నన్ను. క్లాసులో పేరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు రాదు. గుడ్ల దగ్గర గొంతు అక్కరలేదు. చేతులు చాలు.

ఏడో రోజు సూర్యకళ మేడం మా బడికి వచ్చారు. ప్రొజెక్టర్‌తో గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. తాబేలు ఎక్కడ తిరుగుతుందో... పుట్టిన తీరం వైపుకే ఎన్నేళ్ళకో ఎలా తిరిగి వస్తుందో... వేడి ఇసుకలో ఆడపిల్లలు ఎక్కువ పుడతాయని, చల్లటి ఇసుకలో మగపిల్లలు ఎక్కువ పుడతాయని. తాబేలు ఒడ్డున ఏడవదట. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని కళ్ళ నుంచి పంపేస్తుందట.

ఏడుపు కాదా అది?

అయితే నేను చూసిందేంటి?

తరువాత గోడ మీదికి ఒక గుడ్డు వచ్చింది. గోడంత గుడ్డు. దాని మీద తెల్ల మచ్చ.

"ఇది చూశారా? గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిల్ల పైకి వచ్చి, ఇదిగో ఇక్కడ అంటుకుంటుంది. ఈ మచ్చ ఉందంటే పిల్ల బతికి ఉందని. అప్పటి నుంచి గుడ్డుని తిప్పకూడదు."

"తిప్పితే ఏమవుద్ది మేడం?" వెనక బెంచీలో నుంచి ఎవరో.

"అంటుకున్నది ఊడిపోతుంది. ఇక పెరగదు. ఇది కోడిగుడ్డు కాదు నాన్నా."

అందరూ నవ్వారు. కోడిగుడ్డు కాదు అన్నందుకు.

"ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా?"

ఉన్నాయి.

చేతులు బెంచీ కిందికి వెళ్ళిపోయాయి. వాటంతట అవే. గోళ్ళలో బొగ్గు ఉంది.

బతికి ఉందని చెప్పే మచ్చ... దాన్ని చూసే నేను భయపడ్డాను. దాని మీదే చుక్క పెట్టాను. వెతికి వెతికి, ఒక్కటి కూడా వదలకుండా.

ఆ సాయంత్రం డైరీ తీశాను. తిప్పాను, అని రాశాను. కొట్టేశాను. నాయనమ్మ చెప్పింది, అని రాశాను. అది నిజం కాదు, కొట్టేశాను. నాన్న చెప్పలేదు, అని రాశాను. అది నిజమే. అయినా కొట్టేశాను.

నాన్నకి జ్వరం తగ్గింది. మడికి వెళ్ళాడు. అన్ని పుల్లలూ చూసుకున్నాడు. ఇసుక ఎక్కడ ఎంత ఉందో చూశాడు.

"బాగా చూసుకున్నావమ్మా," అన్నాడు.

చెప్పాలి. ఇప్పుడు చెప్పాలి.

రేపు చెబుతాను.

ఒక రేపు. ఇంకో రేపు. మార్చి అయిపోయింది. వేట ఆపేసే రోజులు వచ్చి పడవలన్నీ ఒడ్డు ఎక్కాయి. పరీక్షలు అయ్యాయి. అన్ని రేపులూ అయిపోయాయి.

కోడి ఇరవై ఒకటో రోజుకే పిల్లల్ని లేపింది. తొమ్మిది. "చూశావా, ఒక్కటి మురగలేదు," అంది నాయనమ్మ. నాయనమ్మ మాట అబద్ధం కాదు. మేడం మాట అబద్ధం కాదు. రెండు నిజాల మధ్య నా చేతులు ఉన్నాయి.

నలభై ఎనిమిదో రోజు పదమూడో పుల్ల దగ్గర ఇసుక మధ్యలో కుంగింది. పిల్లలు లోపల కదిలితే అలా కుంగుతుంది. సాయంత్రానికి ఇసుకంతా తలలు. తలలంతా కాళ్ళు. అన్నీ ఒకేసారి, ఒకదాని మీద ఒకటి, నీళ్ళ వైపు.

నలభై తొమ్మిదో రోజు పదిహేనో పుల్ల కుంగింది.

మధ్యలో పద్నాలుగు. చదునుగా. పేడతో అలికిన నేలలా.

నాన్న దాని పక్కనే కూర్చునేవాడు. చెవి ఇసుకకి ఆనించేవాడు.

"పద్నాలుగుకి నీ పోలికేనే. సెలవు రోజు అస్సలు లేవదు," అని నవ్వేవాడు.

నేను నవ్వాను. ఎలా నవ్వానో తెలియదు.

యాభై రోజులు. యాభై రెండు. యాభై ఐదు.

లేచి వస్తాయేమో. మేడం చెప్పింది వేరే తాబేళ్ళ గురించేమో. నేను మెల్లగానే తిప్పాను కదా... రెండు చేతులతో తిప్పాను కదా...

యాభై ఎనిమిదో రోజు పొద్దున్నే మేడం వచ్చారు. గొయ్యి తెరవాలన్నారు. ఆ రోజే, ఇందాక చెప్పిన రోజు.

మడి దగ్గరికి నేనూ వెళ్ళాను. వలకి ఇవతల నిలబడ్డాను. మేడం చేతికి తొడుగు వేసుకుని ఇసుక తీశారు. ముందు వాసన వచ్చింది. తరువాత గుడ్లు వచ్చాయి. ఒక్కొక్కటి తీసి ఇసుక మీద వరసగా పెట్టారు. పచ్చగా మారినవి, నొక్కుకుపోయినవి. ఒక్కటి పగల్లేదు.

"మా అన్న బండి మీద తెచ్చుంటాడండి," అన్నాడు గణేష్‌బాబు బాబాయ్. "మన రోడ్డు గుంతల్లో ఎగిరెగిరి లోపలే ఆమ్లెట్ అయిపోయుంటాయి."

ఎవరూ నవ్వలేదు. బాబాయ్ కూడా సగంలో ఆగిపోయాడు.

నాన్న ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో దాని మీద ఇసుక తుడిచాడు. నల్ల చుక్క.

ఇంకోటి తీశాడు. నల్ల చుక్క.

ఇంకోటి.

తల ఎత్తి మా ఇంటి వైపు చూశాడు. సరుగుడు తోట అడ్డం, ఇల్లు కనిపించదు. అయినా చూశాడు. గంప కింద కోడిని, పొయ్యిలో బొగ్గుని, నాయనమ్మని... ఎవర్ని చూశాడో.

నా వైపు చూడలేదు.

తొంభై మూడు గుడ్లు పైకి వచ్చాక మేడం ఆగారు. "ఆగండి... కదులుతోంది," అన్నారు.

అడుగున ఉన్నాయి. పంతొమ్మిది. నల్లగా, అరచేతి కంటే చిన్నగా, ఇసుక అంటుకుని, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ. ఎప్పుడో పుట్టాయి. పైకి రాలేకపోయాయి.

"పైవి, కిందివి అన్నీ కలిసి తవ్వుకుంటూ రావాలి. పైవి లేవలేదు. ఇవి కింద చిక్కుకుపోయాయి," అన్నారు మేడం.

అడుగున ఉన్నవి. నా చేయి అందనివి. బస్సులో కూర్చుని పాపం అనుకున్నవి.

నా చేయి అందనివే బతికాయి.

వాటిని తొట్టిలో వేసి తడిగుడ్డ కప్పారు. సాయంత్రం చల్లబడ్డాక సముద్రంలో వదలాలి. నాకు సంతోషపడాలో లేదో తెలియలేదు. పంతొమ్మిదికి సంతోషపడితే తొంభై మూడు చూస్తున్నాయి. తొంభై మూడుకి ఏడిస్తే... ఏడుపేనా అది, ఉప్పేనా?

మేడం ఒక గుడ్డుని డబ్బాలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

అమ్మ మజ్జిగ ఇచ్చింది. "ఎండలో నిలబడిపోయారు, తాగండమ్మా," అంది. మేడం తీసుకున్నారు, తాగలేదు. డబ్బా మూత తీశారు.

"ఈ చుక్కలేంటి రాముడు గారూ?"

"లెక్కకి పెట్టానండి."

"తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు కదండి."



"నేను కాదండోయ్," అన్నాడు బాబాయ్ మెట్టు మీద నుంచి. "నాకు చుక్కలు పెట్టే ఓపికుంటే మా ఇంటిముందు ముగ్గులే పెడుదును."

పొయ్యి దగ్గర నుంచి నాయనమ్మ లేచి వచ్చింది. డబ్బాలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. బూడిద చేతిని చీరకి తుడుచుకుంది.

"ఇది మన కోళ్ళకి పెట్టే—"

"అమ్మా," అన్నాడు నాన్న.

అంతే అన్నాడు. నాయనమ్మ ఆగిపోయింది. నాన్న మొహం చూసింది. తరువాత లోపలికి, నా వైపు చూసింది. నాయనమ్మ కళ్ళు ఏదో అడిగాయి. నేను కళ్ళు దించుకున్నాను. అదే జవాబు అయిపోయిందేమో.

మేడం గొంతు మెత్తగానే ఉంది. అందుకే ఎక్కువ భయం వేసింది.

"తీసేటప్పుడు చూశాను, చుక్కలు కొన్నిటి మీద పైకి ఉన్నాయి, కొన్నిటి మీద కిందికి ఉన్నాయి. అంటే ఎవరో తిప్పారండి. నేను పై ఆఫీసుకి రాయాలి. తిప్పిన మనిషికి వచ్చే ఏడు మడి అప్పజెప్పలేను. మీరే తిప్పారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. చెప్పండి రాముడు గారూ. మీరేనా?"

సముద్రం వినిపించింది. అంత దూరం నుంచి ఇంట్లోకి ఎప్పుడూ వినిపించదు.

నాన్న అవును అంటే మడి పోతుంది. తాబేళ్ళ రాముడు అనే పేరు పోతుంది. కాదు అంటే... ఎవరు? నాన్న ఎవరనుకుంటున్నాడు? నాయనమ్మని అనుకుంటున్నాడా? నన్ను అనుకుంటున్నాడా? నా కోసం నిలబడ్డాడా, వాళ్ళమ్మ కోసం నిలబడ్డాడా? తను చెప్పకుండా వదిలేసిన ఒక్క మాట కోసం నిలబడ్డాడా?

ఎవరి కోసమైనా, నిలబడే ఉన్నాడు.

గోడ వదిలాను. ఒక అడుగు. ఇంకో అడుగు. గడప పక్కన నుంచి నాయనమ్మ నా చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకోలేదు. పట్టుకోబోయి ఎందుకు ఆగిందో...

గడప మీద కాలు పెట్టాను. గొంతులో ఏదో కదిలింది. పుట్టిన దగ్గర నుంచి కింద ఉండిపోయిన మాట ఒకటి, ఇసుక తోసుకుంటూ, పైకి.

అలికిడికి నాన్న వెనక్కి తిరిగాడు.

నన్ను చూశాడు. కోపం కాదు. జాలి కాదు. జ్వరం తగ్గిన రోజు చూసిన చూపు కాదు. నాకు తెలిసిన ఏ చూపూ కాదు.

"నేనే—" అన్నాను.

నిజంగా అన్నాను. పైకి, వినపడేలా.

నాన్న చెయ్యి చాపాడు. నా భుజం మీద వేస్తాడనుకున్నాను. చెయ్యి నన్ను దాటి తలుపు గొళ్ళెం మీదికి వెళ్ళింది. తలుపుని తన వైపు లాగాడు. నేను లోపలికే జరిగాను. అరుగు సన్నబడింది. మేడం సన్నబడ్డారు. నాన్న సన్నబడ్డాడు.

తలుపు గాలి నా మొహానికి కొట్టింది.